దుర్బీనుకు వంకలు

ఆదోనిలో కళ్యాణ్ కండ్లద్దాల అంగడి, మాపటి పూట. ఎమ్మిగనూరు అవతల, నందవరం దిక్కు నుంచి గొర్రెల బసన్న, ఆయన పెండ్లాం ఉచ్చీరమ్మ దుర్బీను కొనడానికి వచ్చి చాలాసేపయింది. ఏదీ నచ్చకూడదని మొక్కుకుని వచ్చినవాడిలా బసన్న ప్రతిదానికీ ఒక వంక పెడుతున్నాడు.

“ఇది శానా బరువుండాది కళ్యాణప్పా. దినమంతా యాలాడేసుకుంటే మెడ ఊడొస్తాది.”

“ఇంతకుముందు ఇచ్చింది తేలిగ్గా ఉండాదంటివి కదన్నా.”

“అది మరీ తేలిక. గాలికి పోతాది.”

“ఏమయ్యా, దుర్బీను కొననీకి వచ్చినావా, పెండ్లి సూపులకు వచ్చినావా? వంక మీద వంక పెడ్తాండావు.”

“నువ్వుండు ఉచ్చీరీ. కొనేటప్పుడు రోంత సూసుకోవాల.”

“సూసుకోనీలే అక్కా. నువ్వు ఫోన్ జేసినావనే ఈ మూడూ హైదరాబాదు నుంచి తెప్పిచ్చినా. ఆదోనిలో దుర్బీను అడిగేటోల్లు యాడుండారు? ఇంతకీ ఏం పిట్ట కోసం?”

“బట్టమేక.”

“బట్టమేకనా? అది ఇంగా ఉండాదా? మనిషి నడుమెత్తు ఉంటాదని మా నాయిన సెప్పేటోడు. ఆయన సిన్నప్పటి మాట అది.”

“మా ఊరి బీట్లో ఉండాదప్పా. ఈయన దినామూ సూస్తాడు. పొద్దుగూకి మంద తోలుకొచ్చినాక నేనడుగుతా, వచ్చెనా అని. వచ్చె, దూరంగా నిలబడె, తేటగా కనపడలేదు అంటాడు. ఎప్పుడు అడుగు, తేటగా కనపడలేదు. అందుకే పొట్టేల్ని అమ్మి పిల్సుకొస్తి.”

“పొట్టేల్ని అమ్మొద్దని నేనప్పుడే సెప్తి.”

“సెప్తానే ఉండు.”

“సరేలే అన్నా, ఇది పట్టుకోని తలుపు కాడికి రా. కోట కొండ మీద గద్దలు తిరుగుతాండాయి సూడు. నడిమి చక్రం మెల్లగా తిప్పు, సాఫ్ అయితాది.”

“ఊగుతాంది.”

“అది పదింతలు పెద్దగా సూపిస్తాది. పిట్టతో పాటు సేతి వణుకును కూడా పెద్దది జేస్తాది. నీకు ఎనిమిదింతలది బరాబర్. ముందర అద్దం వెడల్పు సూడు, తెల్లారుజామున మబ్బు చీకట్లో కూడా రంగు తెలుస్తాది. దుమ్ము పోదు, నీళ్ళు పోవు.”

“నాకు అద్దాలుండాయి కదా. అద్దాల మీద దుర్బీను యాడ ఆనుతాది?”

“ఈ రబ్బరు కిందికి తిప్పితే అద్దాల మీదనే ఆనుతాది. ఇప్పుడు సూడు. బాగలేదా?”

“బాగుంటే ఏమి? అంత తేటగా సూడాల్సిన పనేముండాది?”

“ఇనప్పా కళ్యాణూ, పనేముండాదంట. ఉరుకుంద తిర్నాల్లో పిల్లోల్ల దుర్బీను ఒకటి కొన్నాడు. దాంట్లో సూసి, మాదన్న చేన్లో బట్టమేక నిలబడిందని ఊరంతా సెప్పొచ్చె. నేను పోయి సూస్తే బెదురుబొమ్మ.”

“తెల్లంగి తొడిగి, పైన నల్ల కుండ పెట్టినారు. బట్టమేకకూ మెడ తెలుపు, నెత్తి నలుపు. ఎవురైనా అట్లే అనుకుంటారు.”

“మరి కదల్లేదు కదయ్యా అంటే, మనుషుల్ని సూసి బెదిరిందంట.”

“నవ్వద్దు కళ్యాణప్పా.”

“లేదులే అన్నా. ఫారెస్టోల్లకు సెప్పినారా?”

“దాని కోసమే కదప్పా ఈ తిప్పలు. గాలిమరల కరెంటు స్తంభాలు సుంకన్న చేను దాంకా వచ్చినాయి. ఆ పక్కనే మా బీడు. మంద మేసేది ఆడ, ఇంగోసోట మాకు లేదు. యాడ తిరుగుతాంది, ఏ పొద్దు వస్తాది, తేటగా సూసి సెప్పండి, తీగెలు ఆ దిక్కు రాకుండా పైకి రాస్తా అనె ఫారెస్టాయన. ఈయనకేమో తేటగా కనపడదు.”

“ఉచ్చీరీ, నీ కండ్లు నాకంటే మేలు. ఈ ఎనిమిదింతలది నువ్వు తీసుకోనిపోయి అంగడి ముందర మెట్టు మీద నుంచి సూసి రా.”

“తే. నాకన్నా నచ్చుతాదేమో.”

“పోయెనా కళ్యాణప్పా?”

“మెట్టు మీద నిలబడింది. ఏందన్నా, సేయి అట్ల పట్టుకుంటివి?”

“ఇవేవీ పనికిరావని సెప్పు ఆమెకు. మంచిది తెప్పిచ్చాలంటే శానా దినాలు పడతాదని సెప్పి పంపియ్యి మమ్మల్ని.”

“మంచివే కదన్నా ఇవి.”

“మంచివే. దాంతోనే వచ్చింది సావు. ఇంత తేటగా కనపడితే ఇంగ నేనేం సెప్పేది? ఆడ ఏమీ లేదప్పా.”

“ఏమీ లేదంటే?”

“మెల్లగా మాట్లాడు. సచ్చిపోయింది. వానలు రాకముందర, సుంకన్న చేను మీద తీగెలు లాగినారే, ఆ మర్దినం మంద తోలుకోని పోతే కింద పడుండాది. రెక్క ఇరిగిపోయింది. ఒళ్ళు ఇంగా వెచ్చగనే ఉండె.”

“ఫారెస్టాయనకు అది సూపిచ్చింటే సాలు కదన్నా. పిట్ట ఉండాదనీ తెలుస్తుండె, తీగె తగిలి పడిందనీ తెలుస్తుండె.”

“గొర్రెలోన్ని. నా ఎనక కుక్కలు తిరుగుతాంటాయి. నీ కుక్కలే కొరికి సంపినాయంటే ఎవురికి సెప్పుకునేది? దాన్ని ముట్టుకుంటే జైలంట. భయమాయె. ఊరి పక్క వంకలో ఇసక తవ్వి పూడ్చిపెడ్తి.”

“ఉన్న ఒక్క రుజువునూ నీ సేతుల్తోనే పూడ్చినావా?”

“తర్వాత తెలిసొచ్చె. ఇప్పుడు తీసి సూపిస్తే, ఎందుకు దాచినావంటారు.”

“అక్కకు సెప్పలేదా?”

“ఆ పిట్ట ఉన్నంత దాంకా బీడు మనదేలే అని ధైర్యంగా ఉండాది. ఆ మాపు వచ్చెనా అని అడిగె. నోట్లో నుంచి వచ్చె అని వచ్చె. మర్దినం కూడా అట్లే అంటి. ఇంగ ఆ మాట వెనక్కి తీసుకునేకి కాలే.”

“మరి మాదన్న చేన్లో సూసినానంటివి, అది కూడా అబద్ధమేనా?”

“లేదప్పా. అది నిజంగానే అనుకుంటి. ఇంగోటి మిగిలుండాది, నేను బతికిపోతి అనుకుంటి. అందుకే ఊరంతా సెప్పుకుంటా పరిగెత్తితి.”

“ఏమయ్యా.”

“ఆఁ, ఉచ్చీరీ. సూసినావా? కనపడినాయా గద్దలు?”

“కనపడినాయి. రెక్కల కింద ఈకలు కూడా కనపడినాయి. మీ మాటలు కూడా ఇనపడినాయి. దుర్బీను పెట్టుకుంటే చెవులు మూసుకోని పోతాయనుకున్నావా?”

“నేను సెప్పాలనే ఉంటి...”

“పూడ్చిన కాడ కంప యాడి నుంచి వచ్చిందనుకున్నావు?”

“గాలికి కొట్టుకోని వచ్చిందనుకుంటి.”

“గాలికొచ్చిన కంప మీద రాళ్ళుంటాయా? నీ కుక్కలు తవ్వుతాండె. నేనే కంప కొట్టుకొచ్చి కప్పి, రాళ్ళు పెడ్తి.”

“తెలిసి కూడా దినామూ వచ్చెనా అని అడుగుతివే.”

“ఒక దినమన్నా సెప్తావేమో అని అడిగితి. సెప్పకపోతివి. ఈడికొచ్చి అన్ని దుర్బీనులకూ వంకలు పెడ్తాండావు, నీ మనసంతా ఆ ఒక్క వంకలోనే ఉండాది.”

“మరి పొట్టేల్ని ఎందుకమ్మితివి? ఈ దుర్బీను ఎందుకు? ఇంగోటి లేదు ఉచ్చీరీ. బీడంతా తిరిగినా. సి.బెళగల్ దాంకా పోయి అడిగొచ్చినా. ఎవురూ సూల్లేదు.”

“నువ్వు ఏం సూసినావు? పూడ్చినప్పటి నుంచి తల ఎత్తలేదు నువ్వు. నేల సూపే. ఇంగోటి ఉంటాదని నాకూ ఆశ లేదు. లేదనేది కూడా ఎవురో ఒకరు తేటగా సూసి సెప్పాల కదా. కళ్యాణప్పా, ఈ ఎనిమిదింతలదే ఇయ్యి. ఆ రబ్బరు మల్ల పైకి తిప్పి, నా కండ్లకు సరిపెట్టియ్యి.”