అన్నయ్య గీకేసిన మచ్చ

నేనింతవరకు ఏదీ రాసి ఎరగను. చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. మొన్న సాయంత్రం మా అత్తయ్య చెప్పింది మాత్రం లోపల నిలవడం లేదు. గోడ మీదున్న మా ఆయన మేనమామ ఫొటో నేను తుడుస్తుంటే ఆ కథ ఎత్తుకుంది. ఆవిడ ఎలా అందో అలాగే రాస్తున్నాను.

ఏమే అమ్మాయ్, ఆ అంచు అంతలా రుద్దుతావేం? అద్దం అరగాలిగానీ ఆ మచ్చ పోదు. దుమ్ము కాదే అది. ఇలా వచ్చి కూర్చో. మా అన్నయ్య ఫొటో స్టూడియోలో పనిచేసేవాడని చెప్పానుగా, గాజు పలకల మీద ఫొటోలు తీసే రోజులవి. మొటిమలు, గాట్లు, మశూచి గుంటలు, ఏవున్నా పలక మీద సన్నటి కత్తితో గీకేసేవాడు. మా పెద్దత్త మొహాన్ని గీకి గీకి పదహారేళ్ళ పిల్లని చేసిపెట్టాడు. ఆవిడ చూసుకుని "ఎవర్రా ఈ పిల్ల, మంచి సంబంధం చూద్దాం" అంది. సరే, ఎక్కడున్నాను? ఆఁ, ఓ మేష్టారుండేవాడు. కాలేజీలో లెక్కలు చెప్పేవాడు, టెలిస్కోపుండేది. ఆకాశాన్ని పలక మీద తీసుకొచ్చి "శుభ్రంగా అచ్చువేసి ఇవ్వవయ్యా" అన్నాడు. శుభ్రంగా అన్నాడా, వీడు చూశాడు. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి, మధ్యలో మబ్బులా ఓ మరక. చెమ్మ తగిలిందనుకున్నాడు. గీకేశాడు.

మేష్టారు తిట్టలేదు, అదే వచ్చిన తంటా. తిట్టుంటే ఆ పూటతో పోయేది. "నువ్వు గీకింది ఆండ్రోమెడా గెలాక్సీ అయ్యా. కోటానుకోట్ల సూర్యుళ్ళు, సుడి తిరుగుతూ. మనకి పక్కిల్లు లాంటిది" అన్నాడట. "పక్కిల్లంటే ఎంత దూరమండీ?" "అక్కడ బయల్దేరిన వెలుగు ఇక్కడికి రావడానికి పాతిక లక్షల ఏళ్ళు. మనలాంటి మనుషులు పుట్టకముందే బయల్దేరింది."

అన్నయ్య ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "చెల్లీ, అంత దూరం నుంచి గుమ్మం దాకా వస్తే మొహం మీదే తలుపేశానే" అన్నాడు. మేం నవ్వాం. వదినైతే "మీరు గీక్కపోతే మనింట్లో పొయ్యి వెలగదు, గుర్తుందా" అంది.

ఆ వారం నుంచే, అమ్మాయ్, ఎవర్ని తీసినా పలక మీద ఆ మబ్బు. కెమెరా అద్దం తుడిచాడు, మార్చాడు. ఊహూఁ. రైలు గార్డు తన ఫొటో చూసుకుని "నా పక్కన ఎవర్ని నిలబెట్టావయ్యా?" అన్నాడు. గీకితే పోయేదే. వీడు కత్తి పట్టనంటాడు. "ఒకసారి వెళ్ళగొట్టాను, ఇంక నా వల్ల కాదు." యజమాని ఊరుకుంటాడా? "రేపట్నుంచి గీకుతావా, పోతావా, తేల్చుకో" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకి క్యారేజీ పట్టుకెళ్తే లోపల గడియ. పిలిచాను, పలకలేదు. తలుపు విరగ్గొట్టారు. కెమెరాకి ఎదురుగా కుర్చీ. కుర్చీ కింద వాడి చెప్పులు. ఫొటో తీయడానికి నొక్కే రబ్బరు బంతి గొట్టానికి వేలాడుతూ ఇంకా ఊగుతోంది. ఇంకో తలుపు లేదు, కిటికీ లేదు. మనిషీ లేడు. కెమెరాలో పలక కడిగితే వచ్చిందే ఇది. నవ్వుతున్నాడు చూడు, చుట్టమెవరో వచ్చినట్టు. అప్పుడా మచ్చ భుజం వెనకాల గోరంతే ఉండేది. ఇప్పుడేమో చట్రం అంచు దాకా వచ్చేసింది. అంత దూరం నుంచి వచ్చినదానికి తొందరేముందిలే... పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడవే.

అత్తయ్య ఇది చెప్పిన మర్నాడు పొద్దున్నే గుడ్డ పట్టుకుని ఆ ఫొటో ముందు నిలబడ్డాను. తుడవలేదు. దాని పక్క మేకుకున్న మా పాప ఫొటో తీసి, లోపలి గదిలో తగిలించాను.