ఫెయిలు జాబులు పోస్టు చేయని లాటిన్ సారు

1971 జూలై ఒకటవ తేదీన శ్రీ యేసురత్నం గారు నంద్యాలలోని మా క్రైస్తవ వేదాంత పాఠశాలలో లాటిన్ ఉపాధ్యాయులుగా చేరారు. ఈ ఊళ్లో లాటిన్ ఎవరికి కావాలని ఆనాడు నవ్వినవారే తరువాత తమ పిల్లలను ఆయన తరగతికి పంపారని పాత హాజరుపట్టీలు చెబుతున్నాయి.

ఏ సంవత్సరమైనా వారి తొలి పాఠం 'మిసెరికోర్స్' అనే విశేషణమే. దీనుల వైపు గుండె ఉన్న, అంటే కనికరం గల, అని అర్థం. ప్రథమా విభక్తిలో పురుషునికైనా స్త్రీకైనా అదే రూపం. షష్ఠిలో మాత్రం 'మిసెరికోర్దిస్' అవుతుంది. ఆ రెండో రూపం చెప్పనివారికి సున్నా. "పేరొకటి సెప్తే సాలదప్పా, ఇల్లు యాడుందో గూడా సెప్పల్ల" అనేవారు.

1984లో పాలిటెక్నిక్ డిప్లొమాతో నేను టైపిస్టుగా చేరాను. నేను కొట్టిన ఫలితాల జాబుల్లో పాసైనవారివి పోస్టుకు, ఫెయిలైనవారివి సారు జేబులోకి వెళ్లేవి. నా టైపింగు మీద నమ్మకం లేదేమో అనుకున్నాను. అసలు సంగతి ఆళ్లగడ్డ జీవమ్మ గారు చెప్పారు.

1978లో ఆమె కూతురు దెబోరా లాటిన్‌లో తప్పారు. మరొక్కసారి తప్పితే సీటు పోతుంది. ఆ మధ్యాహ్నం సారు బస్సు దిగి, వాళ్ల గడప ముందు నిలబడ్డారు.

"ఏంది సారూ, పిల్ల తప్పిందని సెప్పనీకి ఇంత దూరం వస్తిరా?"

"ఔనమ్మా. జాబైతే ఒక్కతే సదువుకుని ఏడుస్తాది."

"అంత కనికరముంటే నాలుగు మార్కులు ఎయ్యరాదా?"

"మార్కులు మాత్రం ఎయ్యనమ్మా. శనివారం మళ్లీ వస్తా. ఇప్పుడు పుస్తకం తెమ్మను."

పదకొండు శనివారాలు వచ్చారు. చివరికి శనక్కాయలు ఒలుస్తూనే జీవమ్మ గారు, "ఇల్లు సెప్పలేదేందే, ఇల్లు!" అని కూతుర్ని గదిమే స్థాయికి చేరారు. దెబోరా తన మార్కులతోనే పాసయ్యారు. నేడు పదవీ విరమణ చేస్తున్న సారు స్థానంలోకి వస్తున్నదీ ఆమే.

ఈ ఏడాది ఫెయిలైంది ఒక్కరే, అవుకు ఊరి విద్యార్థి. పోయిన వారం అలవాటుగా ఆ జాబును సారుకు అందించాను. ఆయన చేతులు కట్టుకుని దెబోరా గారి వైపు చూశారు. ఆమె జాబు తీసుకుని బ్యాగులో పెట్టుకుంటూ నన్నడిగారు:

"అవుకు బస్సు ఎన్నింటికి పాపా?"

శ్రీ యేసురత్నం గారు నిండు ఆరోగ్యంతో దీర్ఘకాలం జీవించాలనీ, ఇన్నేళ్లుగా బస్సులకు అప్పగించిన శనివారాలను ఇకనైనా వారి సతీమణి సుగుణమ్మ గారికి తిరిగి ఇవ్వాలనీ మనసారా కోరుకుంటున్నాము.