పాంట్ల లారీ

హలో… ఆ, నేనే రొమానక్కా, ఎలోదియాని. లేబర్ కోర్టులో పనైందా?… ఇంకా లైన్లోనేనా…

లేదు, మా పాప నా చంకలోనే ఉంది. ఒళ్ళు కొంచెం కాలుతోంది… అందుక్కాదు ఫోన్ చేసింది.

అక్కా, సరుకు లారీ వచ్చింది. మధ్యాహ్నం. ఫ్యాక్టరీ గేటు కాపలాకి నేనూ, ముసలి చోనా ఉన్నాం. చోనా కునుకు తీస్తోంది…

వెళ్ళిపోయింది.

అరవకు, విను! డ్రైవరు మన ఫెర్మీనే. ప్రతి శుక్రవారం అమెరికా సరిహద్దుకి పాంట్లు తోలేవాడే. వెనక గోడౌన్లో ఆగిపోయిన ఆర్డరుంది, ఎక్కించుకుంటామంటే లోపలికి వదిలాను; ఇది అమెరికా చేరితే కొత్తది వస్తుందట, ఫ్యాక్టరీ తాళం తీస్తారట… చూశాను! బయటికొచ్చేటప్పుడు లారీ తలుపు తీయించే చూశాను. పైదాకా జీన్సు పెట్టెలే. నేను కుట్టిన జేబులే…

ఎలా ఆపను? ఆరో తరగతిలో బడి మానేసి మిషను ముందు కూర్చున్నప్పట్నుంచీ, పాంట్ల లారీ కదిలితేనే శనివారం జీతం. చేతులూపి మరీ పంపేవాళ్ళం! యజమాని జీతాలెగ్గొట్టి తాళమేసుకుపోయిన ఈ మూడు వారాలూ మిషన్లు పోనివ్వొద్దన్నావు గానీ, పాంట్లని ఆపమన్నావా?

…ఆ. ముందు వరసే పెట్టెలు. వెనకాల…

రోడ్డెక్కాక తెలిసింది. సరిహద్దుకైతే ఉత్తరానికి పోవాలి. వాడు ఒహాకా రోడ్డు పట్టాడు. దక్షిణానికి! పరిగెత్తి ఫ్యాక్టరీ కిటికీలోంచి చూశాను… దారప్పోగులు. అంతే. నలభైకి నలభై మిషన్లూ పట్టుకుపోయారు.

గ్వాటెమాలాకే అయ్యుంటుంది. వాళ్ళకీ మనలాగే అమెరికాతో వ్యాపార ఒప్పందం అయిందట, కూలి మనకన్నా తక్కువట. మన సరుకుకి అమెరికాలో సుంకం లేదంటే సంబరపడ్డాం కదక్కా! సరుకు వెనకాలే ఫ్యాక్టరీ కూడా పోతుందని ఎవడన్నా చెప్పాడా? రేడియోలో ఎగుమతులు పెరిగాయంటూ ఒకటే ఊదరగొడుతున్నారు. పెరగవా మరి, మిషన్లనే పంపేస్తుంటే!

…నవ్వా? నేనా? ఏడుస్తున్నానే తల్లీ.

మిషన్లు లేకపోతే కోర్టు ఏం అమ్మి మన పరిహారం ఇప్పిస్తుంది?… ఏదో ఒకటి ఉంటుంది కదా?… అరవై మందికీనా? ఒక్క పెసో కూడా?…

ఇంకా ఎవరికీ తెలీదు. సాయంత్రం కాపలావాళ్ళు అదిగో, చిక్కుడుగింజల గిన్నెలు మోసుకుంటూ వస్తున్నారు. అక్కా… చోనా నిద్రలో ఉండగా జరిగిందని చెప్తే?… దానిదీ కాపలా టైమే కదా…

…

ఊఁ.

…సరే. తప్పే, అలా అనకూడదు.

పెట్టేయకు. నీకు వినబడేలా ఫోన్ ఈ గట్టు మీద పెడతాను.

అక్కలారా… ఆ గిన్నెలు ముందు కింద పెట్టండి. గేటు గొలుసు తీసింది నేనే.