క్షమించినవాడి సంతకం

వాచీల రిపేరు కొట్టు, మధ్యాహ్నం. బల్ల వెనక అన్న, కస్టమర్ల స్టూలు మీద చెల్లెలు.

"ఆగాగు. ఆ ముక్క మళ్ళీ చదువు."

"ఏ ముక్క?"

"గబగబా దాటేశావే, అది."

"'నా కన్ను పోగొట్టినవాణ్ణి నేను మనస్ఫూర్తిగా క్షమించాను.' అంతే అన్నయ్యా. దాని కింద నీ సంతకం కావాలి."

"ఎవరు క్షమించింది?"

"నువ్వు."

"నేనా! నాకు తెలియకుండా ఎప్పుడు క్షమించేశాను?"

"వెటకారం వద్దు. గ్రాంటు ఇచ్చేవాళ్ళ ఫారంలో ఒక పేజీ ఉంది. మా పాఠాల వల్ల మారిన మనిషి కథ ఒకటి రాయాలి. హాజరు పట్టీలు ఎవరైనా చూపిస్తారమ్మా, మాకు మనుషులు కావాలి అన్నారు క్రితంసారి. ఎవరి కథ రాయను? అందరికీ తెలిసినవాడివి నువ్వే."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"బాగుంది టీచరమ్మా. ఎదుటివాణ్ణి అడక్కుండా వాడి తరఫున మాట్లాడకూడదని రెండు వీధుల పిల్లల్నీ కూర్చోబెట్టి చెప్పేది నువ్వేగా?"

"నేనే. తప్పే. తిట్టు, కొట్టు, కానీ సంతకం పెట్టు. రేపు పొద్దున ముగ్గురొస్తున్నారు. నిన్ను చూడాలన్నారు."

"చూడ్డానికేముంది, ఒక కన్ను తక్కువ. వాచీల పనికి ఒకటి చాల్లే. భూతద్దం పెట్టుకున్నప్పుడు ఇంకోటి ఎలాగూ మూసుకోవాల్సిందే."

"అలా మాట్లాడకు."

"నువ్వెందుకే ఉలిక్కిపడతావు? పోయింది నాది."

"విను అన్నయ్యా. ఈ గ్రాంటు రాకపోతే వచ్చే నెల హాలు ఖాళీ చెయ్యాలి. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. గొడవలయ్యాక ఆ వీధివాళ్ళూ ఈ వీధివాళ్ళూ పక్కపక్కన కూర్చునే చోటు ఇంకెక్కడుంది చెప్పు? మొన్న ఓట్లేసుకుని నాయకుణ్ణి ఎన్నుకున్నారు. ఓడిపోయినవాడు వెక్కివెక్కి ఏడ్చాడు గానీ ఎవర్నీ కొట్టలేదు. మర్నాడు వాడే కూర్చుని మున్సిపాలిటీకి అర్జీ రాశాడు, మలుపు దగ్గర లైటు వచ్చింది. ఆరేళ్ళ కిందట వీళ్ళ నాన్నలు ఏం చేశారో నీకు తెలీదా?"

"నీ పాఠాలు మంచివి కావన్నానా? మావాడు నీ దగ్గరికొచ్చాకే, అడక్కుండా నా సైకిలు ముట్టుకోవడం మానేశాడు."

"మరింకేం? పెట్టు."

"రేపు నా పక్కన ఎవర్ని కూర్చోబెడుతున్నావు?"

"ఎవరో ఒకరు ఉంటార్లే."

"ఎవరే?"

"ఉంటారు అన్నయ్యా, నువ్వు ముందు…"

"ఎవరే అంటే!"

"పెయింటర్."

"ఆ వీధి మొదట్లో బోర్డులు రాసేవాడు. నా కన్ను కేసులో ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. అతనా?"

"అతనే. 'నేనే రాయి విసిరాను, తప్పయిపోయింది' అంటాడు. నువ్వు చెయ్యి కలుపుతావు. ఫొటో తీస్తారు. ఐదు నిమిషాలు, అంతే."

"ఫొటోలో నవ్వాలా?"

"కొంచెం."

"అతను విసిరానని నీతో అన్నాడా?"

"రేపు అంటానన్నాడు."

"నేనడిగింది అది కాదు."

"వాళ్ళమ్మాయి మా దగ్గరే చదువుతోంది. క్లాసు మూతపడకుండా ఉంటుందంటే ఏమన్నా అంటానన్నాడు. 'జైలుకే వెళ్ళొచ్చాను టీచరుగారూ, ఒక్క మాటంటే నాదేం పోయింది' అన్నాడు పాపం."

"పాపమా! చెయ్యనిదానికి జైలుకెళ్ళొచ్చాడు. ఇప్పుడు చెయ్యనిదానికి పదిమందిలో చెంపలేసుకోవాలి కూడానా?"

"చెయ్యలేదని నీకేం తెలుసు? ఆ వీధిలో ఎవరో ఒకరు విసిరారు. అతనైతేనేం, ఇంకొకడైతేనేం?"

"ఆ వీధిలోంచే వచ్చిందా రాయి?"

"మరెక్కడ్నుంచి వస్తుంది? నువ్వు పోలీసులకి ఏం చెప్పావు?"

"చూడలేదన్నాను. అతనే అని వాళ్ళంటే కాదనలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ ఎనిమిది నెలలూ నాకు అన్నం సహించలేదు. కన్ను నొప్పికి తినడం లేదనుకున్నారు ఇంట్లో. సిగ్గుతో చచ్చాననుకో."

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావు? ఆ కాగితం ఇలా ఇచ్చెయ్. ఇంకెవరి కథో రాసుకుంటాను."

"ఇవ్వను. కూర్చో."

"నాకు క్లాసుంది."

"కూర్చోవే! ఆ గొడవల రోజు నేనెక్కడున్నాను?"

"షట్టరు దగ్గర. అందరికీ తెలిసిందే."

"షట్టరు దించుతున్నాను. ఆ వీధివాళ్ళు రోడ్డు దాటి వస్తున్నారు. నా వీపు వాళ్ళవైపుంది. అవునా?"

"అవును. అయితే?"

"వాళ్ళు విసిరితే వీపుకి తగలాలి. కాదంటే తల వెనక తగలాలి. కంటికెలా తగిలింది?"

"వెనక్కి తిరిగుంటావు."

"తిరగలేదు. తలెత్తాను. 'అన్నయ్యా, లోపలికి పో' అని పైనుంచి నీ కేక వినబడి తలెత్తాను."

"భయమేసింది. నిన్ను చంపేస్తారనుకున్నాను. మేడ మీద ఒక్కదాన్నే ఉన్నాను…"

"తెలుసమ్మా. నా కోసమే, వాళ్ళని ఆపాలనే. అది నాకు తెలుసు."

"ఏం తెలుసు? ఏం తెలుసు నీకు? నేను కేకే వేశాను. కేకే. అంతే."

"ఏడవకు. నువ్వు రాసింది అబద్ధం కాదు. ఆసుపత్రిలో కట్టు విప్పకముందే క్షమించేశాను. ఇదిగో, సంతకం పెడుతున్నాను చూడు. కానీ రేపు ఆ కుర్చీలో పెయింటర్ కూర్చోడు."

"మరెవరు కూర్చోవాలి అన్నయ్యా?"

"తలెత్తినప్పుడు మొదటి రాయి నాకు కనబడలేదు తల్లీ. నీ చేతిలో రెండో రాయి కనబడింది."