బస్సెక్కకముందే ఉరికే పిల్ల

వేములపల్లిలో తెల్లారేసరికి అత్త కళ్లు మండుతున్నాయి. కోడలు చాయ్ గ్లాసు అందిస్తూ నవ్వింది.

"ఏందత్తమ్మా, మనుమరాలు పండుకోనియ్యలేదా?"

"యాడ! తెల్లందాక కూసోబెట్టింది. పిల్ల నిలకడగ కూసుంటలేదని నిన్న డాక్టర్ రాసిచ్చిన గోళీ రాత్రి బువ్వ తిన్నంక నేనే ఏసిన. నిమ్మలంగ పండుకుంటదనుకున్న."

"అయ్యో! అది నిద్రగోళీ కాదు, మెదడును లేపే మందు. పొద్దుగాల ఎయ్యాలె. డాక్టర్‌కు ఫోన్ చేసి అడుగుత."

"కోతిలెక్క దుంకేదాన్ని ఇంకా లేపుడేంది?"

"మెదడు మంచిగ మేల్కొంటేనే చేసే పని మీద మనసు నిలుస్తదంట. చాయ్ తాగందే మీకు పని మీద మనసు నిలుస్తదా?"

అత్త గ్లాసు వైపు చూసి మూతి తిప్పింది.

"గోళీ మింగితే పిల్ల మూగదయితదని బుగులుపడ్డ."

"అయిందా మరి?"

"కాలే. సూర్యాపేట బస్టాండుల నేను తప్పిపోయిన కథ లేదా? ఎన్నడు చెప్పినా, కథల నేను బస్సెక్కకముందే పిల్ల లేచి ఉరుకుతుండె."

"రాత్రి?"

"నేను ఇల్లు చేరేదాక ఇన్నది."

కోడలు నవ్వు ఆపేసింది. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇగ గోళీ పొద్దుగాలనే ఎయ్యి. కథ గూడ పొద్దుగాలనే చెప్త."