ముప్పై ఒకటిన పంపినవాళ్లు

నర్సింగ్ కాలేజీ దరఖాస్తుల జాబితాలో కూతురి పేరు లేదని తెలిసి, ఆ తండ్రి ఆఫీసులో కంప్యూటరు చూసే అమ్మాయి దగ్గరికి వచ్చాడు.

“ఎప్పుడు పంపిందండీ?”

“ముప్పై ఒకటిన, మధ్యాహ్నం. ముందే పంపుతానంటే నేనే ఆగమన్నానమ్మా. నాలుగు రోజులుగా నాతో మాటల్లేవు.”

“ఒక్క నిమిషం... అయ్యో, తప్పు నాదేనండీ! కంప్యూటర్ని జాబితా అడిగే క్వెరీలో ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అని రాశాను. టైము రాయకపోతే, ముప్పై ఒకటో తేదీ మొదలవగానే లెక్క ఆగిపోతుంది.”

“అంటే ఆ రోజు పంపినవాళ్లంతా?”

“ఒక్కరూ రాలేదు. తర్వాతి నెల ఒకటికి ముందువన్నీ అని ఇప్పుడు మార్చాను. నూట నలభై మంది పెరిగారు. ఇదిగో, మీ అమ్మాయి!”

“అమ్మయ్య! బయట మెట్ల మీద కూర్చుంది. నేను చెబితే నమ్మదు, నువ్వొచ్చి చెప్పు తల్లీ.”

“లోపలికి పిలవండి. తన పేరు తనే చూసుకుంటుంది.”