జతచెట్టు దొరికేదాకా గుంత ఇవ్వను

(జావాలో ఒక చిన్న పట్టణం. రోడ్డు నడిమి గుంతలో గెలేసిన అరటిచెట్టు. దాన్ని వాటేసుకుని పెళ్లికూతురి తల్లి వార్తినా. ఎదురుగా, తారు లారీతో దిగిన రోడ్లశాఖ గియోనో.)

"అక్కా, చెట్టొదులు. తారు చల్లారిపోతోంది!"

"చల్లారనీ. రెండేళ్లు మొత్తుకున్నా రాలేదు. మీకు సిగ్గొస్తుందని గుంతలో పిలక నాటాం. అది పెరిగింది, గెలేసింది, పండింది కూడా. మీకు సిగ్గు మాత్రం..."

"వచ్చాంగా! వచ్చాంగా! పూడ్చనీ మరి."

"రేపు మా అమ్మాయి పెళ్లి. వాకిట్లో అటొకటి ఇటొకటి పండుగెలతో చెట్లు నిలబెట్టాలా, వద్దా?"

"నిలబెట్టాలి. దీన్ని నరికి ఒక పక్కన..."

"రెండోది? సంతలో తెచ్చిన చెట్టుని పొద్దున్నే మేక మేసింది. గెలతో సహా! ఒంటిచెట్టు చూస్తే వియ్యపురాలు గడప తొక్కుతుందా? జత దొరికేదాకా దీనిమీద కత్తి పడదు. గుంత ఇవ్వను."

"ఇవ్వననడానికి గుంత నీదా? గవర్నమెంటుది!"

"ఆహా! ఇన్నాళ్లూ మాది, ఇవాళ మీదైందా?"

"పెళ్లికొడుకు కారెట్లా వస్తుందక్కా?"

"నడిచొస్తాడు. మేం నడవట్లా?"

"నీకో దండం. ఇంకో చెట్టు తెస్తే వదులుతావా?"

"ఇదే ఎత్తు, ఇంత గెల ఉండాలి. ఉందా?"

"ఉంది... ఉందనుకో."

"ఎక్కడ?"

"దగ్గర్లోనే. ముందు తారు..."

"ఎక్కడయ్యా?"

"ఎక్కడైతే ఏం, తెప్పిస్తాగా! దీనికంటే పెద్ద గెల."

"దొంగచెట్టు నా కూతురి పెళ్లికొద్దు. ఎవరి పెరట్లోది?"

"పెరట్లోది కాదు."

"మరి?"

"రోడ్డు మీదిదే."

"గుంతలోనా?"

"ఆ... గుంతలోనే."

"ఏ వీధివాళ్లో పాపం! మాలాగే మీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి..."

"తిరగక్కర్లేదు. మా ఆఫీసు గేటు ముందే ఉంది."

"అమ్మమ్మా! ఏకంగా మీ గేటు ముందే నాటాడా! ఎవరయ్యా ఆ మొనగాడు?"

"నవ్వనంటే చెబుతా."

"నవ్వను. ఒట్టు."

"మా పెద్ద ఇంజినీరుగారే. ఎన్ని అర్జీలు పెట్టినా మా శాఖ పట్టించుకోవట్లేదని..."